తెలియదని చెప్పే లైను

“పాపకి నిద్రలో ఊపిరి ఆగిపోతే మనకెలా తెలుస్తుంది?”

పసిగుడ్డును ఇంటికి తెచ్చిన రోజున అతను భార్యను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె అప్పుడే నడుం వాల్చింది. తెలుస్తుందిలెండి, ముందు నన్ను కాస్త పడుకోనివ్వండి అంది. తెలుస్తుందిలే అంటే ఊరుకునే మనిషి కాదతను. తాగునీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. సీసాలో నీళ్ళు ఎంత తేటగా మెరిసినా ఫలితం చూడందే సంతకం పెట్టడు. అలాంటివాడికి కన్నబిడ్డ ఛాతీ లేస్తోందా పడుతోందా అన్నది ఉత్త కళ్ళతో తేల్చుకోవలసి రావడం ప్రాణం మీదికొచ్చింది. చిన్న మంచం మీదికి వంగి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. వేలు తగలగానే పాప లేచి గుక్కపట్టేది. “ఊపిరి ఆడుతోంది, విన్నారుగా. ఇంక మీరే ఎత్తుకోండి,” అనేది భార్య.

ఆ బాధ పడలేకే పట్టీ కొన్నాడు. పసిపిల్లల పాదానికి మేజోడులా తొడిగే మెత్తటి పట్టీ. ఊపిరినీ గుండె చప్పుడునీ పట్టుకుని ఫోనుకి పంపుతుంది. అంతా బాగుంటే ఫోనులో పచ్చచుక్క వెలుగుతుంది, దాని కింద ‘హాయిగా నిద్రపోతోంది’ అని ఉంటుంది. తేడా వస్తే వీధి చివరిదాకా వినపడే మోత. అట్టపెట్టె మీద ఒక తల్లి కళ్ళు మూసుకుని నవ్వుతూ ఉంది, పక్కన ‘ఇక మీరూ నిద్రపోండి’ అన్న మాట. అతను ఆ మాట నమ్మి నిజంగానే నిద్రపోయాడు. ముఖంలో కళ వచ్చింది. ల్యాబులో జోకులు కూడా వేశాడు.

ఒక మధ్యాహ్నం భార్య వాషింగ్ మెషిన్‌లోంచి తడిబట్టలు లాగుతూ అతన్ని పిలిచింది. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. దిండు గలీబు దులిపితే పట్టీ కిందపడింది, నీళ్ళోడుతూ. అంతసేపూ అతను ముందు గదిలో టీ తాగుతూ, ఫోనుని పూలకుండీకి ఆనించుకుని, పచ్చచుక్కను చూసి మురుస్తున్నాడు. ఫోనులో పాప హాయిగా నిద్రపోతోంది. సబ్బు నురగలో నానేటప్పుడూ, గిర్రున తిరిగేటప్పుడూ, పిండుకునేటప్పుడూ హాయిగానే నిద్రపోయింది.

అతను పడకగదిలోకి పరుగెత్తాడు. పాప మేలుకునే ఉంది. దుప్పటి ముఖం నిండా లాక్కుని, దాని కొస నోట్లో కుక్కుకుని చప్పరిస్తోంది. దుప్పటి తీసేసరికి బోసినోటితో నవ్వింది. అతను మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. ఏమీ కాలేదు కదండీ, లేవండి అంది భార్య. నిజమే, ఏమీ కాలేదు. అయి ఉన్నా చుక్క పచ్చగానే ఉండేది. ఆ సంగతి బుర్రకెక్కిన కొద్దీ భయం పోయి ఒళ్ళంతా మంట మొదలైంది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, పట్టీని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, రెండు వీధులవతల ఉండే అక్క ఇంటికి బయలుదేరాడు.

ఇక్కడినుంచి ఈ కథ అక్కది.

అక్క సైకిల్ రిపేరు కొట్టు మీద గదిలో ఉంటుంది. ప్రోగ్రామరు. గదిలో మంచం కన్నా బల్ల పెద్దది. దాని మీద సర్క్యూట్ ముక్కలు, సాల్డరింగ్ కడ్డీ, అక్షరాలు అరిగిపోయి నున్నగా అయిన కీబోర్డు, బిస్కట్ల రేకు డబ్బా నిండా మేకులూ మరలూ. ఇదివరకు పెద్ద కంపెనీలో చేసేది. అక్కడ ఆవిడ పేరు అడ్డుపుల్ల. మీటింగులో అందరూ సరే అని లేవబోతుంటే ఆవిడొక్కతే కూర్చుని, ఇది పనిచెయ్యకపోతే ఏమవుతుంది అని అడిగేది. అన్నీ బాగున్న రోజుకి ప్రోగ్రాం ఎవరైనా రాస్తారు, జీతమిచ్చేది బాగాలేని రోజు కోసం రాయమని అనేది ఆవిడ వాదన. ఒకసారి, మందులు వేసుకునే వేళ గుర్తుచేసే యాప్ ఒకటి విడుదలకు సిద్ధమైంది. ఫోను గడియారం మారితే అది ఒకే మాత్ర రెండుసార్లు వేసుకోమంటోందని ఆవిడ పట్టుకుంది. తరువాత చూద్దాంలే అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ లేకుండానే విడుదల చేశారు. మర్నాడు కంపెనీ వాళ్ళిచ్చిన కప్పు, కంపెనీ వాళ్ళిచ్చిన చొక్కా బల్లమీద పెట్టి వచ్చేసింది. ఇప్పుడు అచ్చుయంత్రాల వాళ్ళకీ చిన్నచిన్న ల్యాబులకీ ప్రోగ్రాములు రాసి బతుకుతోంది.

ఆవిడకి కోపం తొందరగా వస్తుంది, వెళ్ళడం మాత్రం మెల్లగా. తమ్ముడు చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విని, పట్టీని తిప్పి చూసింది. ముందు బ్యాటరీ తీద్దామని వెనకవైపు గోటితో గీకింది. మూత లేదు. మొత్తం జిగురుపెట్టి అతికించేశారు.

“చూశావా. పాడైతే పారెయ్యాలి, కొత్తది కొనాలి. లోపల ఏముందో చూసే హక్కు కొన్నవాడికి లేదు. ఇల్లు కొన్నాక వంటగదికి తాళం వేసి తాళంచెవి అమ్మినవాడు పట్టుకుపోయినట్టుంది.”

“అక్కా, ముందు అదెందుకు అబద్ధం చెప్పిందో చెప్పు.”

“చెప్తాను. మనం కూడా దాంతో ఇంకోసారి చెప్పిద్దాం.”

నీళ్ళలో తడిసినా చెడదని పెట్టె మీద రాసుంది, ఆ ఒక్క మాట నిజమే. అక్క పట్టీని తన బొటనవేలికి తొడిగింది. తమ్ముడి ఫోనులో పాప మేలుకుంది అని వచ్చింది. కాస్త కుదురుగా కూర్చునేసరికి పచ్చచుక్క పడింది. అప్పుడు రేకు డబ్బాలో మేకులన్నీ బల్లమీద కుమ్మరించి, పట్టీని అందులో పడేసి, మూత బిగించింది. రేకు గోడల్లోంచి పట్టీ మాట బయటికి రాదు. ఇద్దరూ ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. కింద కొట్టులో ఎవరో చక్రానికి గాలికొడుతున్నారు. చుక్క పచ్చగానే ఉంది.

“డబ్బాలో పాప హాయిగా ఉంది,” అంది అక్క. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

తమ్ముడిలోని ల్యాబు మనిషి అప్పటికి లేచాడు. ఆగక్కా, డబ్బా నిజంగా సిగ్నల్ ఆపుతోందో లేదో మనకి తెలియదు కదా అన్నాడు. జేబులోంచి తీగలేని ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, పాట పెట్టి, అదే డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఇయర్‌ఫోన్ అందడం లేదని ఫోను వెంటనే చెప్పేసింది. మూత తీశాడు, పాట మళ్ళీ సన్నగా వినిపించింది. మూత పెట్టాడు, పోయింది. పాటలు పాడే వస్తువు నిజం చెబుతోంది. పసిపిల్ల ఊపిరి చూసే వస్తువు చెప్పడం లేదు. అతను పళ్ళు బిగబట్టి, అక్క మళ్ళీ మళ్ళీ వద్దంటున్నా, అదే పరీక్ష పట్టీతో తిరగేసీ మరగేసీ చేశాడు. ప్రతిసారీ అదే పచ్చచుక్క.

ఈలోగా అక్క యాప్‌లో అట్టడుగు పేజీకి వెళ్ళింది. కొన్నవాళ్ళెవరూ చూడని పేజీ, చీమతలకాయంత అక్షరాలతో ఉంటుంది. కంపెనీ తన వస్తువులో ఎవరెవరి ప్రోగ్రాములు ఊరికే తీసుకుని వాడుకుందో అక్కడ రాయాలి, అది నియమం. ఏ యాప్ తెరిచినా అక్క ముందు చదివేది అదే. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఫోను బల్లమీద పెట్టేసింది.

“ఏమిటక్కా?”

“చీమ,” అంది. “నాదేరా.”

చీమ అక్క రాసిన ప్రోగ్రాం. స్నేహితురాలొకామె చీకటి షెడ్డులో పుట్టగొడుగులు పెంచేది. లోపలి వేడీ తేమా చూసే పరికరం ఒకరోజు మూగబోయింది. తెర మీద మాత్రం పాత అంకే నిలిచిపోయింది. అంతా బాగుందనుకుని ఆమె తలుపు తీయలేదు, పంటంతా ఎండిపోయింది. ఆ కోపంతో అక్క చీమను రాసింది. పరికరం దగ్గర అంకె ఎత్తుకుని తెర దగ్గరికి మోసుకురావడమే దాని పని. దాన్ని ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి ఇంకొకరికి ఇస్తే ఆ మార్పు కూడా అందరికీ కనపడేలా పెట్టాలి, అంతే షరతు. వాతావరణం కొలిచేవాళ్ళూ, చేపలతొట్ల వాళ్ళూ, ఆసుపత్రుల్లో రక్తం దాచే ఫ్రిజ్‌ల వాళ్ళూ దాన్ని వాడుతున్నారు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు తప్పులు పట్టి పంపేవారు, అక్క సరిచేసేది. ఆదివారాలన్నీ దానికే పోయేవి. పెళ్ళిచూపులకి కూడా రాకుండా ఎవరికో చేపలతొట్టి సరిచేస్తూ కూర్చుందని ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

అక్క కీబోర్డు ముందుకు లాక్కుని చీమను తెరిచి, ఒక లైను మీద వేలు పెట్టింది. నమ్మదగిన కొత్త అంకె రాకపోతే పాతది చూపించకు, తెలియదు అని చెప్పు. ఆ లైను ఉన్న ప్రోగ్రాం పచ్చచుక్క చూపించడానికి వీల్లేదు. అంటే వాళ్ళు దాన్ని కోసేశారు. మార్పు ఎక్కడా పెట్టలేదు కూడా.

తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడే లోకానికంతా చాటేద్దాం అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ముందు చేసినవాడికి చెప్పాలి, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వాలి, మా పనిలో మర్యాద అది అంది. కంపెనీకి రాసింది. మీ ఆందోళన మాకెంతో విలువైనది, ఫోను ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి అని జవాబు వచ్చింది. మళ్ళీ రాసింది. మీ ఆందోళన మళ్ళీ విలువైనదైంది. మూడో ఉత్తరంలో తానెవరో, చీమ ఎవరిదో, ఏ లైను పోయిందో రాసింది. అప్పుడు మనిషి కదిలాడు. వీడియో కాల్‌లో మాట్లాడతామన్నారు.

మాట్లాడడానికి వచ్చిన మేనేజరు అక్కకు పాతవాడే. అడ్డుపుల్ల అని పేరు పెట్టిన మహానుభావుడు. ఆ కంపెనీ వదిలి ఈ కంపెనీలో పెద్దవాడయ్యాడు. తమ్ముడు పాపను భుజాన వేసుకుని, కెమెరాకి కనపడకుండా మంచం అంచున కూర్చున్నాడు. మేనేజరు తేనె ఒలకబోశాడు. చీమ అంటే తమ ఇంజినీర్లందరికీ ప్రాణమన్నాడు, అలాంటి వాళ్ళుండబట్టే ఈ పరిశ్రమ ఇలా వెలుగుతోందన్నాడు. అక్క వినీ వినీ, లైను ఎందుకు తీశారని అడిగింది.

“తియ్యలేదు మేడమ్, మెరుగుపరిచాం. తెలియదు అని కనిపిస్తే తల్లులు కంగారుపడుతున్నారు. ఫోన్లు చేస్తున్నారు, వస్తువు తిప్పి పంపేస్తున్నారు. వాళ్ళు కొనేది ప్రశాంతత. మేం అమ్మేదీ అదే.”

“ఊపిరి చూస్తుందని కదా అమ్ముతున్నారు.”

“అది పెట్టె మీది మాట మేడమ్.”

తరువాత అసలు సంగతికి వచ్చాడు. అక్కను సలహాదారుగా తీసుకుంటారట. చీమను వాళ్ళ కోసం చూసుకుంటే చాలు, మంచి జీతం. ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టాలి, ఈ విషయం ఎక్కడా ఎత్తనని. తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క వానాకాలంలో కారే గదిలో ఉంటోందని, పాత కంపెనీ వదిలాక కళ్ళద్దాలు కూడా మార్చుకోలేదని అతనికి తెలుసు. అక్క వద్దని అనలేదు, ఊ అనలేదు. పట్టీలు వేసుకున్న పిల్లల అమ్మానాన్నలకి ఎప్పుడు చెప్తారు అని మాత్రం అడిగింది.

వచ్చే వెర్షన్‌లో సర్దేస్తామన్నాడు మేనేజరు. చెప్పడమంటే ఊరికే గోల అవుతుందన్నాడు.

“ఈ మధ్యలో?”

“మధ్యలో ఏమవుతుంది మేడమ్? ఇన్నాళ్ళూ ఏమైంది?”

తమ్ముడు లేచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా గొంతు ఎత్తినవాడు కాదు. పాపను భుజం మీద సర్దుకుని కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఏమైందో మీకు తెలియదు సార్. ఏమైనా మీ ఫోనులో పచ్చగానే ఉంటుంది. తెలియకుండా ఉండేలా మీరే చేసుకున్నారు. ఇప్పుడు ఏమీ కాలేదని ఎలా అంటారు?”

మేనేజరు ఆ మనిషెవరని అడిగాడు. నీళ్ళు పరీక్ష చేసేవాడు అని చెప్పి అక్క కాల్ కట్ చేసింది.

సంతకం పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఒక పేజీ రాసి అందరికీ కనపడేలా పెట్టింది. అందులో తిట్లు లేవు. రేకు డబ్బా ఫొటో, ఇయర్‌ఫోన్ పరీక్ష, చీమలోని లైను, అది పోతే ఏమవుతుందో, మీ ఇంట్లో మీరే ఎలా చూసుకోవాలో, అంతే. తమ్ముడు చదివి, ఇంత చప్పగా రాశావేమిటక్కా, కాస్త కారం తగిలించలేకపోయావా అన్నాడు. కారం నా నోట్లో ఉంటే చాలు, కాగితం మీద అక్కర్లేదు అంది.

కంపెనీ కారం తగిలించింది. వాళ్ళ ప్రకటన సాయంత్రానికల్లా వచ్చింది. తమ పరికరంలో వాడిన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ భాగంలో లోపం బయటపడిందట. అది సంస్థకు ఏ సంబంధమూ లేని ఒక ఔత్సాహికురాలు తీరిక వేళల్లో రాసినదట. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉండే ప్రమాదాల గురించి పరిశ్రమంతా ఆలోచించవలసిన సమయమిదట. చీమ పేరు చెప్పారు, అక్క పేరు చెప్పారు. కోసిన లైను ఊసే లేదు.

ఆ తరువాత అక్కకు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నువ్వొక తల్లివేనా అని ఒకడు. పని రానిదానివి పసిపిల్లల జోలికెందుకని ఇంకొకామె. వాళ్ళంతా భయపడ్డ అమ్మానాన్నలే, తమ్ముడిలాంటివాళ్ళే. అందుకే అవి ఇంకా లోతుగా దిగాయి. తమ్ముడు, అతని భార్య కలిసి అక్క గదికి వెళ్ళేసరికి ఆవిడ ముఖం కడుక్కుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు వల్లా, స్క్రీన్ వల్లా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

“తీసెయ్యక్కా,” అన్నాడు తమ్ముడు. “చీమని నెట్‌లోంచి పీకెయ్. ఊరికే ఇచ్చినందుకు ఇదా? ఎవడికీ ఏదీ ఇవ్వకు ఇంక.”

దాంతో అక్క అంతసేపూ అణచుకున్నదంతా తమ్ముడి మీద విరుచుకుపడింది.

“పీకితే రేపు రక్తం ఫ్రిజ్ పాడైతే ఎవడు చెప్తాడు? నువ్వు చెప్తావా? వాళ్ళ మీద కోపమొచ్చి వీళ్ళ గొంతు నొక్కనా? ఊరికే ఊరికే అంటావేంట్రా ఇందాకట్నుంచి, దానం చేసినట్టు. నీ ల్యాబులో పరీక్ష చేసే పద్ధతి అచ్చేసి ఉంటుందా లేదా? నీ మీద అనుమానమొస్తే ఇంకొకడు అదే నీళ్ళు తెచ్చుకుని అదే పరీక్ష చేసుకోవచ్చా లేదా? అది దాచిపెట్టుంటే నీ సంతకం ఎవడిక్కావాలి? ఇదీ అంతే. చీమ తెరిచి ఉంది కాబట్టే ఏ లైను కోశారో మనకి తెలిసింది. వాళ్ళ పెట్టె మూసి ఉంది కాబట్టే వాళ్ళు అబద్ధమాడగలుగుతున్నారు. ఇప్పుడు నేనూ మూసేస్తే వాళ్ళు గెలిచినట్టే కదరా వెధవా.”

అక్క ఆగలేదు. ఈ పరిశ్రమలో సగం మేడలు జీతం లేనివాళ్ళు ఆదివారాలు కూర్చుని పోసిన పునాదుల మీద లేచినవేనంది. పునాది వేసినందుకు ఎవరినీ పైకి పిలిచి టీ ఇవ్వరు, అదీ అడగడంలేదంది. మేడ బీటలు వారితే మాత్రం ముందు పునాది మీద చెయ్యి చూపిస్తారు, మధ్యలో వీళ్ళు తవ్వుకుపోయిన ఇటుకల మాట ఎత్తరు. మెరుగు అంటే వాళ్ళది, లోపమంటే మనది. పైగా మన పనిని ముద్దుగా ఔత్సాహికురాలు అంటారు. ఆ మాట ఆవిడకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. రెండుసార్లు పలికి, మంచినీళ్ళు తాగింది.

మూలన తమ్ముడి భార్య పాపకి పాలు పడుతోంది. “వదినా, మీరు చెప్పేదంతా నిజమే. కానీ మీ పేజీ నాకే సగం అర్థం కాలేదు. పిల్లల తల్లులకి పేజీలు చదివే తీరిక ఎక్కడిది? డబ్బా చూపించండి చాలు,” అంది.

ఆ అమ్మాయే తన ఫోనుతో వీడియో తీసింది. వంటగది గట్టు మీద రేకు డబ్బా, పట్టీ, ఫోను. మూత పెట్టడం, పచ్చచుక్క, వెనకాల ఎక్కడినుంచో పాప ఏడుపు. ఫోనులో మాత్రం ‘హాయిగా నిద్రపోతోంది.’ చివర్లో ఒక్కమాట, మీ ఇంట్లో కూడా చేసి చూడండి అని. ఫోనులో తనున్న తల్లుల గ్రూపులన్నిట్లోనూ పెట్టింది. వారం తిరక్కుండా ఎక్కడెక్కడి వంటిళ్ళలోంచో వీడియోలు వచ్చాయి. బిస్కట్ల డబ్బాలు, పాలపొడి డబ్బాలు, మూతపెట్టిన గిన్నెలు. వాటన్నిట్లోనూ పాపలు, బాబులు హాయిగా నిద్రపోతున్నారు. ముందు అక్కను తిట్టినవాళ్ళలో ఒకామె, మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ కూడా ఊపిరి పీలుస్తోందండీ, క్షమించండి అని రాసింది. అది చదివి అక్క నవ్వింది, చాలా రోజుల తరువాత.

అన్ని డబ్బాల ముందు ప్రకటనలు నిలవలేదు. ఒకరోజు పట్టీ యాప్‌కి చడీచప్పుడు లేకుండా కొత్త వెర్షన్ వచ్చింది. ఏం మారిందన్న చోట ‘చిన్న చిన్న మెరుగులు’ అని రాశారు. క్షమాపణ లేదు, ఎందుకు మార్చారో లేదు. మార్చిన ప్రోగ్రాం కూడా షరతు ప్రకారం బయటపెట్టారు, ఎవరికీ దారి దొరకని మూలన. అక్క వెతికి పట్టుకుంది. తమ్ముణ్ణి పిలిచి చూపించింది. కోసిన లైను తిరిగొచ్చింది, ఉన్నదున్నట్టుగా, ఒక్క ముక్క తప్ప. తెలియదు అన్న మాట ఉండాల్సిన చోట ‘మీ చిన్నారి కోసం సిగ్నల్ వెతుకుతున్నాం’ అని ఉంది.

“చచ్చినా ఆ మాట నోట్లోంచి రానివ్వరు,” అంది అక్క. పళ్ళు కొరికింది. కానీ పాతది పోయింది. మూత పెడితే ఇప్పుడు చుక్క పచ్చగా ఉండదు, ఊదారంగుకి మారి మోగుతుంది. ఎవరింట్లోనో, ఎవరో పరుగెత్తుతారు. ఆవిడకి కావలసింది అది. అక్కకొచ్చిన చెడ్డపేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ప్రకటనను కంపెనీ ఈనాటికీ తీయలేదు. కొత్త పనికోసం ఎవరైనా అక్క పేరు వెతికితే ముందు తగిలేది అదే. రెండు ల్యాబుల వాళ్ళు పని ఇస్తామని ఆ తరువాత మాట దాటేశారు. గది ఇంకా కారుతూనే ఉంది. ఆదివారాలు చీమతోనే గడుస్తున్నాయి.

తమ్ముడికి మాత్రం నిద్ర కరువైంది. పట్టీని బీరువాలో పడేశాడు. ఇక ఏ వస్తువునీ నమ్మనని, కళ్ళు తెరుచుకుని పాప పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ల్యాబులో కునికిపాట్లు పడి ఒక సీసాకి తప్పు చీటీ అంటించాడు. పై అధికారి చూశాడు కాబట్టి సరిపోయింది. అదే సమయానికి భార్య సెలవులు అయిపోయి ఉద్యోగానికి వెళ్ళాలి, పాపను పగలు ఎవరి దగ్గరైనా విడిచిపెట్టాలి. ఎవరి దగ్గరన్నా విడిచిపెట్టడం అన్న ఊహకే అతనికి చెమటలు పట్టాయి. ఎవరిని నమ్మనక్కా, ఎలా నమ్మను అని అడిగాడు.

అక్క సాల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టింది. “ఎవర్నీ నమ్మకపోతే ఎలా బతుకుతావురా? నువ్వు చేసే పనే చూడు, నిద్ర చాలక సీసాలు తారుమారు చేస్తున్నావు. నీ నీళ్ళు తాగేవాళ్ళు ఏం కావాలి? నమ్ము. నమ్మేముందు ఒక పని చెయ్. వాళ్ళకి తెలిసే వీల్లేని సంగతి ఒకటి అడుగు. తెలియదు అన్నవాళ్ళ దగ్గర వదిలిపెట్టు. వెళ్ళి పడుకో.”

మొదట చూసిన శిశుగృహం అద్దాల తలుపులతో, గోడల నిండా ఏనుగు బొమ్మలతో ఉంది. ప్రతి గదిలో కెమెరా, తల్లిదండ్రులు ఎప్పుడైనా ఫోనులో చూసుకోవచ్చు. నిర్వాహకురాలిని తమ్ముడు అడిగాడు, మా పాపని ఇక్కడ వదిలితే మొదటిరోజు ఎంతసేపు ఏడుస్తుందండీ అని. మా దగ్గర పిల్లలు ఏడవరండీ అందామె నవ్వుతూ. భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రెండోది పాత డాబా ఇల్లు. బొమ్మలు అక్కడక్కడ రంగు వెలిసిపోయి ఉన్నాయి. ఒక పెద్దావిడ ఒళ్ళో ఒకణ్ణి, పక్కన ఒకణ్ణి పెట్టుకుని అరటిపండు చిదుముతోంది. అదే ప్రశ్న అడిగాడు. ఆవిడ పాప వైపు చూసింది, పాప ఆవిడ వైపు చూసింది.

“నాకెలా తెలుస్తుంది నాయనా? ఉంచి చూడాలి. ఏడిస్తే ఎత్తుకుంటాను, ఆగకపోతే నీకు ఫోన్ చేస్తాను.”

పాపను అక్కడే వదిలాడు. మొదటిరోజు ఆవిడ ఫోన్ చేసింది కూడా, ఏడుపు ఆగడంలేదు, రా అని. అతను ల్యాబులోంచి పరుగెత్తాడు. మర్నాడు మళ్ళీ అక్కడే వదిలాడు. ఇప్పుడు పిల్లల డాక్టరుకీ, నీళ్ళపంపు బాగుచేసేవాడికీ, ల్యాబుకి కొత్త యంత్రం అమ్మవచ్చినవాడికీ, అందరికీ అలాంటి ప్రశ్న ఒకటి ముందు వేస్తాడు. యంత్రం అమ్మేవాడు తడుముకోకుండా జవాబు చెప్పి, సంతకం లేకుండా వెళ్ళిపోయాడు. పిల్లల డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, తెలియదండీ, రెండు రోజులు చూద్దాం అంది. పాపకి జ్వరమొస్తే అతను వెళ్ళేది ఆవిడ దగ్గరికే.